"విపరీతం" అంటే ఎక్కువనా, తేడా అనా, తలకిందులనా?

#1 సుధ (అనువాదం)

అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర పెద్ద పొరపాటు చేశాను. సరిదిద్దుకోవడానికి మీ సాయం కావాలి.

రక్తపరీక్షల గురించి రోగుల చేతికిచ్చే కరపత్రాలను తెలుగులోకి తెస్తుంటాను. మూలంలో "అబ్‌నార్మల్" అని ఉన్నచోటల్లా "విపరీత ఫలితం" అని రాశాను. నిఘంటువు ఒప్పుకుంటుంది, సమాసం కూడా కుదిరింది. రాసినప్పుడు నాకు ఏ అనుమానమూ రాలేదు.

పోయిన వారం ల్యాబ్ నుంచి ఫోను వచ్చింది. ఒకావిడ హిమోగ్లోబిన్ 8.1 ఉంది. ఆడవాళ్లకు 12కి తగ్గితే రక్తహీనత కింద లెక్క. వాళ్లాయన నా కరపత్రం చదివి, ఆవిడకు డాక్టరు రాసిచ్చిన ఐరన్ మాత్రలు రెండు వారాలుగా మాన్పించారట. ఎందుకని అడిగితే, "రక్తం విపరీతంగా ఉందని మీరే రాశారుగా, ఎక్కువైనదానికి మళ్లీ బలం మాత్రలెందుకు?" అన్నారట.

ఆయన తప్పేమీ లేదు. నేనూ రోజూ "విపరీతంగా తలనొప్పి", "విపరీతమైన పని" అనే అంటాను. అలా అన్నప్పుడు నా మనసులో ఉండేది "చాలా ఎక్కువ" అనే. కరపత్రం రాసేటప్పుడు మాత్రం నిఘంటువు ముందు కూర్చున్న మనిషినైపోయాను.

ఇంతకీ ఈ మాట అసలు అర్థం ఏమిటి? మామూలు నుంచి తప్పుకున్నదాన్ని తెలుగులో ఏమనాలి?

#2 పాతపుస్తకం

సుధగారూ, ముందు మాట పుట్టుక చెబుతాను.

"ఇ" ధాతువుకు వెళ్లడం అని అర్థం. దానికి ముందు "పరి" చేరితే పరీతం, అంటే చుట్టూ తిరిగినది, చుట్టుముట్టినది. దానికి "వి" తగిలితే విపరీతం. వెళ్లవలసిన వైపు కాకుండా ఎదురు తిరిగినది, తలకిందులైనది అని. "ఎక్కువ" అన్న వాసన ఈ పుట్టుకలో ఎక్కడా లేదు.

భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు "నిమిత్తాని చ పశ్యామి విపరీతాని" అంటాడు. శకునాలు ఎదురు తిరిగి కనబడుతున్నాయని. పద్దెనిమిదో అధ్యాయంలో తామస బుద్ధిని చెబుతూ "సర్వార్థాన్ విపరీతాంశ్చ" అని వస్తుంది. అధర్మాన్ని ధర్మమనుకునే బుద్ధి, ప్రతిదాన్నీ ఉన్నదానికి తలకిందులుగా చూసే బుద్ధి అని. మనమంతా అనే "వినాశకాలే విపరీత బుద్ధి" కూడా ఇదే. చెడే కాలానికి తెలివి ఎక్కువైపోతుందని కాదు దాని అర్థం, తిరగబడుతుందని.

విపర్యయం కూడా దీని తోబుట్టువే, అదే ధాతువు, అవే ఉపసర్గలు. యోగసూత్రాల్లో విపర్యయమంటే మిథ్యాజ్ఞానం. చీకట్లో తాడును చూసి పామనుకోవడం లాంటిది. వ్యాకరణంలో వర్ణవిపర్యయమంటే అక్షరాలు స్థానాలు మార్చుకోవడం. "హింస" నుంచి "సింహం" అలా వచ్చిందని పెద్దలు చెబుతారు. హ, స రెండూ చోటు మార్చుకుని చూడండి.

కాబట్టి మీరు రాసింది తప్పు కాదు. చదివినవారికి అసలు అర్థం తెలియకపోవడం వేరే విషయం.

#3 వార్తల డెస్క్

పాతపుస్తకం గారూ, చివరి వాక్యం దగ్గర మీతో విభేదిస్తాను. చదివినవారికి వేరే అర్థం తెలుసు, అదీ సంగతి. ఆ అర్థం వాళ్లు కనిపెట్టింది కాదు, తెలుగు నేర్పింది.

ఇరవై ఏళ్లుగా కాపీలు దిద్దుతున్నాను. నా కళ్లముందు రోజూ పడే వాడుకలు ఇవి: విపరీతమైన రద్దీ, ధరలు విపరీతంగా పెరిగాయి, విపరీతమైన జ్వరం, పాట విపరీతంగా నచ్చింది. చివరిదానిలో చెడు కూడా మిగల్లేదు. మామూలు దాటిపోయిందన్న భావం చాలా ఎక్కువైందిగా మారింది, అక్కడి నుంచి ఉత్త "చాలా"గా మిగిలింది.

కానీ ఒక తమాషా... కాదు, తమాషా అనకూడదు, ఇది నిజంగా పట్టించుకోవలసిన విషయం. "మైన", "గా" తగిలించినప్పుడే ఈ "ఎక్కువ" అర్థం ఎక్కువగా వస్తోంది. సమాసంలో నేరుగా వాడితే చాలావరకు పాత అర్థమే నిలుస్తుంది. విపరీత బుద్ధి, విపరీత ధోరణి, విపరీత పరిణామాలు, విపరీతార్థాలు. "నా మాటకు విపరీతార్థం తీయకు" అంటే ఎక్కువ అర్థం తీయకు అని ఎవరూ అనుకోరు. ఇక ఒంటరి నామవాచకంగా వస్తే మూడో రుచి: "ఇదెక్కడి విపరీతం!" అంటే ఎక్కడా చూడని వింత.

సుధగారు రాసింది సమాసమే. పద్ధతి ప్రకారం "విపరీత ఫలితం" పాత అర్థాన్నే ఇవ్వాలి. కానీ ఆ పెద్దాయన దాన్ని విప్పి, తనకు రోజూ నోట్లో ఆడే "విపరీతంగా"లోకి మార్చుకున్నారు. ఎవరైనా చేసేది అదే.

#4 సుధ (అనువాదం)

డెస్క్ గారూ, ఈ "మైన", "గా" సంగతి నేనెప్పుడూ గమనించలేదు. నా పాత అనువాదాలన్నీ తీసి చూశాను. "విపరీత స్పందన" అని ఒకచోట, "విపరీతమైన స్పందన" అని ఇంకోచోట రాశాను, రెండూ ఒకే అర్థంలో అనుకుని. మొదటిది మందు వికటించడం గురించి, రెండోది సభకు జనం బాగా వచ్చారని. రెండూ నేనే రాశాను!

#5 పదాలబాట

మాటలకు ఇలా జరగడం మన దగ్గరే కాదు. లాటిన్‌లో "నోర్మా" అంటే వడ్రంగి, తాపీమేస్త్రీ వాడే మూలమట్టం. రెండు పట్టీలు లంబకోణంలో కలిసిన ఆ పనిముట్టుకు సరిపోయినది "నార్మల్". అందుకే గణితంలో నార్మల్ అంటే ఇవాళ్టికీ అభిలంబం. వక్రానికి నిలువుగా నిలబడే గీత.

మూలమట్టానికి కుదరనిది "ఇనార్మస్". మొదట దాని అర్థం పద్ధతి తప్పినది అనే. తర్వాత ఘోరమైనదైంది. ఇప్పుడు? చాలా పెద్దది, అంతే. మన విపరీతం నడిచిన దారే అక్షరాలా. రెండు భాషలూ ఒకదానినొకటి చూసి రాసుకోలేదు. హద్దు దాటినదాన్ని చూసినప్పుడు మనిషి కంటికి ముందు దాని పరిమాణమే ఆనుతుందని నాకనిపిస్తుంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మతి చెదిరి పలవరించడాన్ని ఇంగ్లిష్‌లో "డెలీరియం" అంటారు. దాని లోపల లాటిన్ "లీరా" ఉంది. లీరా అంటే నాగలి చాలు. చాలు తప్పి పక్కకు పోవడమే డెలీరియం అసలు బొమ్మ. మనం గాడి తప్పాడంటాం. "అబరేషన్" అంటే దారి వదిలి తిరుగుతూ పోవడం. మనం దారి తప్పాడంటాం. మామూలును మనుషులు ఎక్కువగా ఒక దారిగానో, ఒక తిన్నని గీతగానో ఊహించుకున్నారు.

#6 తేటమాట

అందరూ సంస్కృతం, లాటిన్ దగ్గరే తిరుగుతున్నారు. మన "పెడ" ఏమైనట్టు?

పెడ అంటే వెనక వైపు. పెడతల అంటే తల వెనక భాగం. పెడరెక్కలు విరిచి కట్టారంటే చేతులు వెనక్కి విరిచి కట్టారని. అక్కడి నుంచి: పెడమొహం, పెడచెవిన పెట్టడం, పెడదారి, పెడబుద్ధి, పెడధోరణి, పెడర్థం. విపరీతార్థానికి సరిజోడు పెడర్థమే. "వి" చేసే పనంతా మన "పెడ" చేస్తోంది, ఎవరి దగ్గరా అప్పు చేయకుండా.

పైగా పెడ విపరీతంలా "చాలా ఎక్కువ"గా మారిపోలేదు. "పెడగా నచ్చింది" అని ఎవరూ అనరు. ఎదురు తిరగడం, ముఖం తిప్పుకోవడం అన్న అసలు బొమ్మను అది పట్టుకునే ఉంది.

#7 వార్తల డెస్క్

తేటమాట గారూ, చాలా బాగుంది. కానీ రక్తపరీక్షకు పెట్టగలమా? "పెడఫలితం" అంటే రక్తమే నేరం చేసినట్టు ఉంటుంది. పెడలో ఎప్పుడూ ఒక తప్పు, ఒక మొండితనం ఉంటాయి.

#8 తేటమాట

ఒప్పుకుంటాను. మనుషుల నడతకు తప్ప అంకెలకు అది పనికిరాదు.

#9 లెక్కల మాస్టారు

అంకెలకు పనికొచ్చే మాట మా పుస్తకాల్లో ఉంది. విచలనం. తప్పుకోవడం, కదిలిపోవడం. దీనిలో తిట్టు లేదు, మెప్పు లేదు, ఎక్కువ లేదు, తక్కువ లేదు. అందుకే నాకిష్టం.

ఐదుగురు పిల్లల మార్కులు 48, 49, 50, 51, 52 అనుకోండి. సగటు 50. సగటు నుంచి విచలనాలు: −2, −1, 0, 1, 2. ఈ ఐదూ కలిపితే సున్నా. ఏ అంకెలు తీసుకున్నా సగటు నుంచి విచలనాల మొత్తం సున్నాయే అవుతుంది. ఈ లెక్క బోర్డు మీద చేసి చూపించినప్పుడల్లా నాకు సంతోషం కలుగుతుంది. సగటు అనేది ఎవరో పైనుంచి పెట్టిన హద్దు కాదు. ఇటు తప్పుకున్నవాళ్లూ అటు తప్పుకున్నవాళ్లూ కలిసి నిలబెట్టిన తూకం. తప్పుకున్నవాళ్లు లేకపోతే సగటుకు అర్థమే లేదు.

మొత్తం సున్నా కాబట్టి వాటిని వర్గాలు చేస్తాం: 4, 1, 0, 1, 4. మొత్తం 10. ఐదుతో భాగిస్తే 2. దాని వర్గమూలం 1.41. ఇదే ప్రామాణిక విచలనం. అంకెలు గంట ఆకారంలో, అంటే సామాన్య విభాజనంలో పరుచుకున్నప్పుడు, సగటుకు అటూఇటూ ఒక ప్రామాణిక విచలనం లోపల దాదాపు 68 శాతం, రెండింటి లోపల 95 శాతం, మూడింటి లోపల 99.7 శాతం ఉంటాయి.

భౌతికశాస్త్రంలోనూ ఇదే మాట. పట్టకంలోకి వెళ్లిన కాంతికిరణం మొదటి దారి నుంచి ఎంత పక్కకు తిరిగిందో అదే విచలన కోణం. పతనకోణాన్ని మారుస్తూ పోతే ఒక దశలో అది అన్నిటికన్నా తక్కువవుతుంది, దాన్ని కనిష్ఠ విచలన కోణం అంటాం. పదో తరగతిలో గుండుసూదులు గుచ్చి, కాగితం మీద గీతలు గీసి ఈ ప్రయోగం చేసినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. అక్కడ కాంతి తప్పు చేసిందని ఎవరూ అనరు. తిరిగింది, అంతే.

#10 కిరణ్ (ల్యాబ్)

మాస్టారు చెప్పిన 95 శాతం దగ్గరే మా ల్యాబ్ రిపోర్టు మొదలవుతుంది. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

రిపోర్టులో మీ అంకె పక్కన "ఇంత నుంచి ఇంత" అని ఒక పరిధి ఉంటుంది చూడండి. అది ఎలా వస్తుందంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కనీసం 120 మందిని తీసుకుని వాళ్లందరికీ ఆ పరీక్ష చేస్తారు. వచ్చిన అంకెలను చిన్న నుంచి పెద్దకు వరసలో పెడతారు. కింద 2.5 శాతం, పైన 2.5 శాతం వదిలేస్తారు. మధ్యలో మిగిలిన 95 శాతమే ఆ పరిధి. పరీక్షలన్నిటికీ ఇదే పద్ధతి కాదు. చక్కెర, కొలెస్ట్రాల్ లాంటివాటికి జబ్బు ముప్పును బట్టి హద్దు పెడతారు. కానీ చాలావాటికి ఇదే.

ఇప్పుడు ఆలోచించండి. ఆ వదిలేసిన 5 శాతం ఎవరు? వాళ్లూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. అంటే ఆరోగ్యవంతులు 20 మంది వస్తే సగటున ఒకరి అంకె పరిధి బయట పడుతుంది, ఏ జబ్బూ లేకుండానే. ఒకే మనిషికి ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, కనీసం ఒకటైనా బయట పడే అవకాశం 64 శాతం. ఫుల్ బాడీ చెకప్ చేయించుకుని, ఒక్క అంకె పక్కన చుక్క గుర్తు చూసి నిద్రపోనివాళ్లను నేను వారానికి ముగ్గుర్ని చూస్తాను.

అందుకే సుధగారూ, నా మనవి ఒక్కటే. మీరు ఏ మాట ఎంచుకున్నా, అది చదవగానే "జబ్బు" అని వినిపించకూడదు. అలాగని 8.1 ఉన్నావిడకు "ఏం ఫర్వాలేదు" అని కూడా వినిపించకూడదు. ఆవిడది పరిధి అంచుకు కాస్త ఇవతల ఉన్న అంకె కాదు, బాగా కింద ఉంది.

#11 రాధిక

నేను ఇంటర్ చదువుతున్నాను. అసాధారణం, అసామాన్యం అని సులువైన మాటలున్నాయి కదా, అవెందుకు వద్దు?

#12 వార్తల డెస్క్

రాధిక గారూ, మంచి ప్రశ్న. "ఆయన అసామాన్యుడు" అంటే ఏమర్థమవుతుంది? "అసాధారణ ప్రతిభ" అంటే? ఈ రెండూ తెలుగులో మెప్పు వైపు ఒరిగిపోయాయి. "మీ అమ్మగారి గుండె పరీక్షలో అసాధారణ ఫలితం వచ్చింది" అంటే ఒక్క క్షణం సంతోషించేవాళ్లుంటారు. మనోవిజ్ఞానం పుస్తకాల్లో అసామాన్య అనకుండా "అపసామాన్య" అనడం అందుకేనని నా అభిప్రాయం. "అ" ఉంటే మామూలు కాదు అని మాత్రమే. "అప" వచ్చేసరికి కిందికి జారుతుంది.

#13 వెన్నెల అమ్మ

చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. డెస్క్ గారు చెప్పిన ఆ "అప" గురించి రాయాలనిపించింది.

మా అబ్బాయికి ఆరేళ్లు. మూడేళ్లప్పుడు మాట రాలేదని ఒకచోట చూపించాం. వాడు సీసా మూతలు పోగుచేసి వరసగా పెడతాడు, పెద్దవి ముందు, చిన్నవి చివర. మధ్యలో ఒకటి తీసి దాచితే, ఎక్కడ ఖాళీ ఉందో చూడకుండానే తెలిసినట్టు వెతుకుతాడు. వాళ్లు తెలుగులో ఇచ్చిన నివేదికలో ఈ సంగతి రాసి, పక్కన "వికృత ప్రవర్తన" అని పెట్టారు.

ఇంగ్లిష్‌లో ఏ మాట ఉండేదో ఊహించగలను. అక్కడ అది చల్లగా, దూరంగా ఉండే మాట అయ్యుండొచ్చు. కానీ తెలుగులో వికృతం అని చదవగానే నా కళ్లముందు మెదిలింది వేరు. మా అత్తగారు అడిగారు, ఏం రాశారమ్మా అని. చదివి వినిపించలేక, ఫైలు మూసేసి బీరువా పైన పెట్టాను. రెండేళ్లు దాన్ని దించలేదు. స్పీచ్ థెరపీ రెండేళ్లు ఆలస్యమైంది. తప్పు నాదే అని నాకు తెలుసు, కానీ ఆ మాట వేరేగా ఉండుంటే అంత ఆలస్యం జరిగేది కాదు.

ఇప్పుడు కొత్త చోట రాసిచ్చింది ఇలా ఉంది: "వస్తువులను వరసలో పేర్చడం మీద ఎక్కువసేపు శ్రద్ధ పెడతాడు. ఈ వయసు పిల్లల్లో చాలామంది ఇంతసేపు పెట్టరు." నేను దీన్ని మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ "అవును, పెడతాడు" అన్నారు.

#14 పాతపుస్తకం

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

వికృతి అనే మాటకు మొదట చెడ్డతనం లేదు. వి + కృతి, వేరుగా చేయబడినది, మార్పు చెందినది, అంతే. బడిలో నేర్చుకున్న ప్రకృతి–వికృతులు గుర్తు చేసుకోండి. ఆశ్చర్యం అచ్చెరువైంది. యాత్ర జాతరైంది. భక్తి బత్తి అయింది, విద్య విద్దె అయింది. జాతర అనే మాటలో వికారమేముంది? నిజానికి యాత్రకన్నా జాతరే మన నోటికి సొంతం. వేదపాఠంలో జట, ఘన మొదలైన ఎనిమిదింటినీ వికృతులంటారు. మామూలు వరసను పద్ధతి ప్రకారం తిప్పి మళ్లీ చెప్పే పాఠాలవి, ఒక్క అక్షరం పోకుండా కాపాడటానికి. ఘనపాఠి అంటే గౌరవం. అరవై సంవత్సరాల్లో వికృతి కూడా ఒకటి. 2010 ఉగాదితో మొదలైంది అదే. ఆ ఏడు పుట్టిన పిల్లలకు ఏ లోపమూ లేదు.

ఇదంతా నిజమే. కానీ నాకు ఈ చరిత్ర తెలుసన్న ధైర్యంతోనే #2లో "చదివినవారికి తెలియకపోవడం వేరే విషయం" అని రాశాను. అది వేరే విషయం కాదు. మీ ఫైలు రెండేళ్లు బీరువా పైన ఉండిపోయింది. ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

#15 వెన్నెల అమ్మ

మీరు అంత పెద్దమాట అనకండి గురువుగారూ. జాతర సంగతి మాత్రం మా అత్తగారికి చెబుతాను.

#16 రాధిక

ఇంకో మాట. "విషమం" గురించి. పరిస్థితి విషమం అంటే విషంలాంటిదని ఇన్నాళ్లూ అనుకున్నాను. మా లెక్కల సార్ విషమబాహు త్రిభుజం చెప్పినప్పుడు అనుమానం వచ్చింది. త్రిభుజంలో విషమెందుకు?

#17 పాతపుస్తకం

విషానికీ దీనికీ సంబంధం లేదు. వి + సమం. సంధిలో "స" కాస్తా "ష" అయింది. సమం కానిది విషమం. మూడు భుజాలూ మూడు కొలతలు, కాబట్టి విషమబాహు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే విషమం. ఆయుర్వేదంలో రోగం అంటే దోషవైషమ్యం, ఆరోగ్యం అంటే దోషసామ్యం. వాత పిత్త కఫాలు సమంగా ఉన్నాయా లేదా అనే లెక్క. మామూలును దారిగా కాక తూకంగా చూసినవాళ్ల మాట ఇది.

#18 పదాలబాట

గురువుగారూ, గ్రీకులో "అనామలీ" అచ్చం ఇదే! "హోమలోస్" అంటే చదునైనది, సమమైనది. దానికి ముందు కాదు అని చేర్చితే అనామలీ. విషమం అని అనువదిస్తే మాటకు మాట సరిపోతుంది. కానీ ఆసుపత్రిలో విషమం అంటే ప్రాణం మీదికి వచ్చిందని. పుట్టుక ప్రకారం చూస్తే సరైన మాట, కరపత్రంలో పెడితే ప్రమాదం.

#19 లెక్కల మాస్టారు

రాధికమ్మా, ఇంకో జంట ఇస్తాను. సవ్యం, అపసవ్యం. గడియారం ముల్లు తిరిగే వైపు సవ్య దిశ, ఎదురు వైపు అపసవ్య దిశ అని చెబుతాం. పని సవ్యంగా సాగింది అంటే సరిగ్గా జరిగిందని. ఇక సంస్కృతంలో సవ్యం అంటే ఏమిటో తెలుసా? ఎడమ. ఎడమచేత్తోనూ బాణం వేయగలడు కాబట్టే అర్జునుడు సవ్యసాచి. అంటే మన తెలుగులో సరైనదానికి పేరు ఎడమచేతి నుంచి వచ్చింది. మా క్లాసులో ఎడమచేత్తో రాసే పిల్లలుంటే తప్పకుండా ఈ మాట చెబుతాను. వాళ్ల మొహాలు చూడాలి అప్పుడు.

#20 సుధ (అనువాదం)

అందరి మాటలూ పక్కన పెట్టుకుని కరపత్రం మళ్లీ రాయడానికి కూర్చున్నాను. మొదట "విచలన ఫలితం" అని పెట్టి చూశాను. మాస్టారు చెప్పినట్టు ఆ మాటలో రాగద్వేషాలు లేవు. మా పక్కింటి పిన్నిగారికి చదివి వినిపిస్తే "ఏం చలించింది?" అని అడిగారు. కొట్టేశాను.

తర్వాత "పరిధి దాటిన" అని రాశాను. కిరణ్ గారికి పంపితే, దాటడం అంటే పైకి దాటడమే అనిపిస్తుంది, కిందికి పడిపోయినది గుర్తురాదు అన్నారు. అదీ కొట్టేశాను.

అప్పుడు అర్థమైంది, నేను ఒక్క మాట కోసం వెతుకుతున్నానని. ఇంగ్లిష్‌లో ఒక్క మాట ఉంది కాబట్టి తెలుగులోనూ ఒక్కటే ఉండాలనుకున్నాను. రోగికి తెలియవలసింది మూడు వేర్వేరు సంగతులు. అంకె పైన ఉందా, కింద ఉందా, లేక అసలు అంకె కాకుండా కణాల ఆకారంలో ఏదైనా కనిపించిందా. ఆ మూడింటినీ ఒకే సంచిలో వేసే మాట ఆయనకు అక్కర్లేదు.

ఇప్పుడు ఇలా రాశాను:

"మీ రక్తంలో హిమోగ్లోబిన్ మామూలు హద్దుకన్నా తక్కువగా ఉంది. డాక్టరు ఇచ్చిన మందులు ఆపకండి."

"మీ అంకె మామూలు హద్దుకన్నా ఎక్కువగా ఉంది. అంతమాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. డాక్టరుకు చూపించండి."

"మీ రక్తకణాలు కొన్ని మామూలు ఆకారంలో లేవు. ఎందుకో తెలుసుకోవడానికి ఇంకో పరీక్ష కావాలి."

#21 తేటమాట

హద్దు, తక్కువ, ఎక్కువ. అన్నీ ఇంట్లో మాటలే. రెండో దానిలో "అంతమాత్రాన" తీసేసి "ఇది చూసి జబ్బు ఉందని అనుకోనక్కర్లేదు" అంటే?

#22 కిరణ్ (ల్యాబ్)

తేటమాట గారూ, అలా రాస్తే కొందరు డాక్టరు దగ్గరికే వెళ్లరు. "అంతమాత్రాన" ఉంచండి సుధగారూ. మా అనుభవంలో ఆ మాట దగ్గర మనిషి ఒక్క క్షణం ఆగి, తర్వాతి వాక్యం కూడా చదువుతాడు.

#23 సుధ (అనువాదం)

ఉంచుతున్నాను. డెస్క్ గారూ, "మామూలు" సంగతి మీరేమంటారు? కొందరికి ఆ మాట వింటే లంచం గుర్తొస్తుందని ఒకరు అభ్యంతరం చెప్పారు.

#24 వార్తల డెస్క్

"మామూళ్లు" అన్నప్పుడో, మామూలు ఇవ్వడం, వసూలు చేయడం అన్నప్పుడో వస్తుంది ఆ అర్థం. "మామూలు హద్దు" అన్నప్పుడు రాదు. "సాధారణ పరిమితి" కన్నా ఇదే మేలు. ధైర్యంగా వేయండి.

#25 కిరణ్ (ల్యాబ్)

నెల తర్వాత ఈ పోస్టు. ఆ పెద్దాయన ఇవాళ భార్యను తీసుకుని మళ్లీ వచ్చారు. ఆవిడ మాత్రలు నాలుగు వారాలుగా ఆపకుండా వేసుకుంటున్నారు. హిమోగ్లోబిన్ 9.6.

కొత్త కరపత్రం ఇచ్చాను. కళ్లజోడు సవరించుకుని, వేలు పెట్టి పైకే చదివారు. "మామూలు హద్దుకన్నా తక్కువ." ఆగి, పాత రిపోర్టు తీసి పక్కన పెట్టుకుని, "ఇంకా తక్కువే. కానీ మొన్నటికన్నా ఎక్కువ" అన్నారు భార్యతో. ఆవిడ తలూపారు.

తర్వాత నా వైపు తిరిగి, "ఈ హద్దు ఎవరు పెట్టారు బాబూ?" అని అడిగారు. ఆ 120 మంది సంగతి చెప్పడానికి కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.